దూడ వాటా

పిల్లలూ, మీకు జున్నంటే ఇష్టమేనా? చిన్నప్పుడు నాకు ప్రాణం. మలికిపురంలో మా గేదె ఈనిందంటే, గిన్నె పుచ్చుకుని పాకలోనే కూచునేవాణ్ణి.

ఒకసారి గేదె తెల్లవారుజామున ఈనింది. మొదటి పాలన్నీ జున్నుకే పిండుకున్నాం. సాయంత్రం దాకా దూడను పొదుగు దగ్గరికి పోనివ్వలేదు. కొద్ది రోజులకే దానికి పారుడు పట్టుకుంది. పశువైద్యుడు వచ్చి, "పుట్టగానే ముర్రుపాలు పట్టారా?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. మర్నాటికి దూడ చచ్చిపోయింది.

ఆయన చెప్పిన సంగతి వినండి. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు మనకు తల్లి కడుపులో ఉండగానే కొన్ని వస్తాయి. దూడకు అలా రావు, ముర్రుపాలతోనే రావాలి. పుట్టిన కొద్ది గంటలు మాత్రమే దాని పేగులు వాటిని బాగా నెత్తురులోకి పోనిస్తాయి. ఒక రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. 30 కిలోల దూడకు మొదటి రోజు సుమారు 3 లీటర్లు కావాలి.

పెరుగులోని సూక్ష్మజీవులు పేగులకు మేలు చేస్తాయని, 1908లో నోబెల్ బహుమతి పొందిన మెచ్నికోఫ్ ఏనాడో అన్నాడు. అటువంటి మంచి సూక్ష్మజీవులతో చేసిన ప్రోబయోటిక్ పొడులు ఈ రోజుల్లో దూడలకూ దొరుకుతున్నాయి. అవి పేగుల్లో చోటు పట్టి, చెడ్డ సూక్ష్మజీవులను పెరగనీయకుండా సాయపడతాయి. మంచివే! కాని ముర్రుపాలకు బదులు కావు.

ఇప్పుడు మా ఇంట దూడ కడుపు నిండాకే జున్ను. మీ ఇంట్లో పశువు ఈనితే, గిన్నె తీసే ముందు దూడ తాగిందో లేదో చూస్తారు కదూ?