చక్రవర్తి సొత్తయిన నవల

బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబును మనవాళ్లు ఇంట్లో మనిషిని చేసుకున్నారు. చక్రపాణి అనువాదాలు, 1953లో ‘దేవదాసు’ సినిమా, ఆ తర్వాత ‘తోడికోడళ్ళు’, ‘బాటసారి’. కన్నీళ్లు పెట్టించే శరత్ మనకు బాగా తెలుసు. దొరతనానికి కంటి మీద కునుకు లేకుండా చేసిన శరత్ మాత్రం అంతగా తెలియడు. ఆ శరత్‌ను చూడాలంటే దక్షిణ కలకత్తాలోని భవానీపూర్‌కు వెళ్లాలి.

ఆశుతోష్ ముఖర్జీ ఇల్లు అక్కడే. హైకోర్టు జడ్జిగా, విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా వెలిగిన మనిషి ఆయన. ఆ ఇంటివాళ్లు నడిపిన ‘బంగబాణి’ మాసపత్రికలో శరత్ నవల ‘పథేర్ దాబీ’ ధారావాహికగా వచ్చింది. మధ్యమధ్య ఆగుతూ సాగుతూ మూడేళ్ల పైచిలుకు నడిచింది. అన్నాళ్లూ ప్రభుత్వం దాని జోలికి రాలేదు. 1926లో ఆశుతోష్ కొడుకు ఉమాప్రసాద్ దాన్ని పుస్తకంగా వేశాడు. అప్పటికి పాతికేళ్లు నిండనివాడు, తండ్రి పోయి రెండేళ్లు. అలాంటి ఇంటి కుర్రవాడు సాయుధ విప్లవకారుడు కథానాయకుడైన పుస్తకం మీద ప్రకాశకుడిగా తన పేరు వేసుకోవడం చిన్న సంగతి కాదు. తర్వాతి కాలంలో హిమాలయ యాత్రా రచయితగా ఆయనకు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది గానీ, నా లెక్కలో ఆయన మొదటి శిఖరం ఈ పుస్తకమే.

1927 జనవరిలో వేటు పడింది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 99ఏ అనే సెక్షన్ ఉండేది. దాని పని తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. ఫలానా పుస్తకం చదవరాదని అది అనదు. రాజద్రోహం ఉందని ప్రభుత్వానికి తోస్తే, ఆ పుస్తకపు ప్రతి ఒక్క ప్రతీ చక్రవర్తికి జప్తు అయినట్టు ప్రకటిస్తుంది. మీరు డబ్బిచ్చి కొని తలగడ కింద పెట్టుకున్న ప్రతి కూడా ఆ క్షణాన లండన్ రాజుగారి సొత్తు అయిపోతుంది. బ్రిటిష్ ఇండియాలో ఎక్కడ కనబడినా పోలీసు పట్టుకుపోవచ్చు. ఇల్లు సోదా చేయడానికి మేజిస్ట్రేటు వారంటు ఇవ్వవచ్చు.

శరత్ రవీంద్రుణ్ణి ఆశ్రయించాడు. శిక్ష తప్పించమని కాదు, ఈ జప్తును ఖండిస్తూ నాలుగు మాటలు చెప్పమని. జలియన్‌వాలాబాగ్ తర్వాత 1919లో సర్ బిరుదు వదులుకున్న మనిషి కదా, ఆ మాటకు బరువుంటుంది. రవీంద్రుడు ఒప్పుకోలేదు. పుస్తకం పాఠకుల మనసును ఇంగ్లీషు పాలన మీద విరిచేస్తుందని, అలా రాసినవాడు దెబ్బకు సిద్ధపడాలని, మిగతా పాలకులతో పోలిస్తే ఇంగ్లీషువారికి ఓర్పు ఎక్కువేనని జవాబు రాశాడు. దెబ్బకు సిద్ధపడాలన్న మాటలో న్యాయం ఉంది, కాదనను. పాలకుల ఓర్పును మెచ్చుకోవడానికి అది సమయం కాదు. శరత్ మనసు గట్టిగా గాయపడింది. కోపంగా ఒక జవాబు రాశాడు, పోస్టు చేయలేదు. పోలీసులు చేసిన దానికన్నా గురువు కాదనడమే ఆయన్ను ఎక్కువ బాధించిందని నేను నమ్ముతాను.

మన వైపూ ఇదే కథ నడిచింది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవెల్లూరు జైల్లో రాసిన ‘మాలపల్లి’ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ సంకెళ్లు పూర్తిగా ఊడింది 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకే. బెంగాల్‌లో ఫజ్లుల్ హక్ మంత్రివర్గం ఉండగా 1939లో ‘పథేర్ దాబీ’ మీద నిషేధం పోయింది. రెండుచోట్లా తాళం తీసింది ఓట్లతో వచ్చిన మన మంత్రులే. ఉన్నవవారు ఆ రోజును కళ్లారా చూశారు. శరత్ 1938 జనవరిలోనే కన్నుమూశాడు.

ఈ నవల మన చేతుల్లోకి రావాలని నేను పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. ఇందులో కథ చాలావరకు రంగూన్‌లో జరుగుతుంది. శరత్ 1903 నుంచి 1916 దాకా అక్కడ గుమాస్తాగిరీ చేస్తూ, పనివాళ్ల పేటలో బతికాడు. నవలలోని విప్లవకారులు కూలీలను కూడగట్టడానికి వెళ్లేది ఇరుకు బారకాసుల్లోకి. ఆ కాలపు రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ బస్తాలు మోసినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు వాళ్లను కోరంగీలు అనేవారు. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కిన ఆ జనం మీద మన భాషలో వచ్చినది బహు కొద్ది. రంగూన్ కూలీల చీకటి గదులను లోపలికి వెళ్లి చూసిన ఒక బెంగాలీ రాసిన పుటలు ఉన్నాయి. వాటిని మన తాతల ఊసుగా, ‘దేవదాసు’లోని పార్వతి కోసం ఏడ్చినంత శ్రద్ధగా చదవాలని నా కోరిక.