బడి బాధ్యతను చట్టంలో రాయాలి
2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ అందులో చెప్పిన చర్య సర్వీసు నిబంధనల ప్రకారం, అంటే ఉద్యోగుల మీదే. తోటిపిల్లలే ఒకణ్ణి రంగు పేరుతో, కులం పేరుతో రోజూ ఏడిపిస్తుంటే బడి ఏం చేయాలో అది చెప్పదు. పిల్లల గొడవలకు చట్టమెందుకంటారు. సమఉజ్జీల గొడవైతే నిజమే, ఇది బలహీనుణ్ణి పదేపదే వేటాడటం. పిల్లలకు శిక్షలు వేయమనడం లేదు, బాధ్యత బడి మీద మోపమంటున్నాను. జపాన్‌లోని ఓట్సు నగరంలో తోటిపిల్లల వేధింపులకు గురైన ఒక విద్యార్థి 2011లో చేసుకున్న ఆత్మహత్య దేశాన్ని కదిలించాక, జపాన్ 2013లో చేసిన చట్టం చెప్పేది అదే: ప్రతి బడికీ నివారణ విధానం ఉండాలి, ఫిర్యాదు వస్తే విచారించాలి. అక్కడ 2023లో నమోదైన వేధింపు ఘటనలు 7 లక్షలు దాటాయి. చట్టం విఫలమైందనడానికి దీన్నే చూపిస్తారు. దాచిపెట్టడం తగ్గిందనే నేను నమ్ముతాను. మనకూ ఇలాంటి చట్టం కావాలని మీ ఎమ్మెల్యేని అడగండి.