కలకత్తా మైదానంలో చీనా గోడ

కలకత్తా చూడబోయిన మనవాళ్ళు కాళీఘాటు, దక్షిణేశ్వరం, హౌరా వంతెన, విక్టోరియా మెమోరియల్ చూచి, రసగుల్లాల డబ్బా ఒకటి పట్టుకొని రైలెక్కుతారు. ఆ తిరగడంలో మైదానం పక్కగా నాలుగైదుసార్లు పోయే ఉంటారు గాని, అక్కడ ఆగి చూడవలసినది ఒకటున్నదని చాలామందికి తోచదు. ఎస్ప్లనేడులో మెట్రో రైలు దిగి గంగ వైపు నడిస్తే ఈడెన్ గార్డెన్సు వస్తుంది. దాని దగ్గరి రోడ్డు పేరు గోష్ఠ పాల్ సరణి. ఆ పేరుగల మనిషి విగ్రహం కూడా అక్కడే ఉన్నది. 1984లో నిలిపారు. ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. పోనీ, గోల్సు కొట్టి జనాన్ని ఉర్రూతలూగించినవాడా అంటే అదీ కాదు. ఎదుటివాళ్ళు గోలు కొట్టకుండా అడ్డు నిలిచిన బ్యాక్!

బ్యాక్ ఉద్యోగం వీధి తలుపు గడియ వంటిది. అది గట్టిగా ఉన్నంతకాలం ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం రాదు. ఊడిననాడు అందరూ దాన్నే తిడతారు. గోలు కొట్టినవాడి ఫొటో మర్నాడు పత్రికలో పడుతుంది. బ్యాక్ ఆపిన పది గోల్సు ఏ లెక్కలోనూ చేరవు. మరి అటువంటివాడికి ఇంత మహానగరం నడిబొడ్డున విగ్రహం ఎట్లా వచ్చిందో తెలియాలంటే, మైదానం కథ కొంచెం తెలియాలి.

1757లో ప్లాసీ యుద్ధం గెలిచాక ఇంగ్లీషువారు ఇక్కడ ఫోర్టు విలియం కోటను కొత్తగా కట్టారు. ఫిరంగులు పేలిస్తే గుండ్లకు అడ్డు ఉండరాదని చుట్టూ ఉన్న అడవిని కొట్టించారు. ఆ ఖాళీయే ఈ మైదానం. నేటికీ ఈ నేల సైన్యానిది. పక్కా భవనాలు లేపనివ్వరు. అందుకే ఇక్కడి క్లబ్బులకు ఎంత పేరున్నా, వాటి ఇళ్ళను ‘టెంట్లు’ అనే పిలుస్తారు. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1891 నాటి మహమ్మడన్ స్పోర్టింగ్, 1920లో వచ్చిన ఈస్ట్ బెంగాల్, ఈ మూడింటి టెంట్లూ నడకదూరంలోనే ఉన్నాయి. పూర్వం టిక్కెట్టు దొరకనివారు అట్ట గొట్టాలలో అద్దాలు అమర్చి, ముందువారి తలల మీదుగా ఆట చూచేవారు. 1984లో సాల్ట్ లేక్‌లో పెద్ద స్టేడియం కట్టాక పెద్ద పోటీలు అటు తరలిపోయాయి.

1911 జూలై 29న ఈ మైదానంలోనే మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1 గోల్సుతో ఓడించి షీల్డు గెలిచింది. తెల్ల సిపాయిలకు బూట్లు. మనవాళ్ళలో ఒక్క సుధీర్ చటర్జీకి తప్ప అందరివీ ఉత్త కాళ్ళు. ఆ చటర్జీ కూడా బ్యాకే.

రెండేళ్ళ తరువాత గోష్ఠ పాల్ ఆ జట్టులో చేరారు. 1896లో ఫరీద్‌పూర్ జిల్లాలో పుట్టినవారు; ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశంలో ఉన్నది. ఆ రోజుల్లో జట్టుకు బ్యాకులు ఇద్దరే. ఎదుట అయిదుగురు వరుసకట్టి వస్తారు. కలకత్తాలో ఫుట్‌బాల్ కాలమంటే వానాకాలం. నేలంతా బురద. తోలుబంతి తడిసి బరువెక్కుతుంది. బూటు అడుగున మేకులున్నవాడు జారడు. ఉత్త కాలివాడు జారతాడు. పైగా ఆ మేకు పాదం మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అటువంటి బూట్ల గుంపుకు ఉత్త కాళ్ళతో ఎదురు నిలిచి బంతి లాక్కొనే మనిషిని జనం ‘చీనా గోడ’ అన్నారు. 1935 వరకు, ఇంచుమించు ఇరవై రెండేళ్ళు, ఆయన ఆ గోడగానే నిలబడ్డారు. పాలించేవాడికి ఎదురు తిరగడానికి వేరే దారి లేని సామాన్యుడికి, తెల్లవాడు తమవాడి ముందు ఆగిపోవడం కళ్ళారా చూడడమే పెద్ద సంతోషం. 1962లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఫుట్‌బాల్ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 1976లో కాలం చేశారు.

ఆ 1962లోనే మోహన్ బగాన్‌కు చెందిన మరొక బ్యాక్ పేరు దేశమంతా మారుమోగింది. ఆయన జర్నైల్ సింగ్. 1936లో లాయల్‌పూర్ ప్రాంతంలో పుట్టి, దేశవిభజన నాటికి పదకొండేళ్ళవాడై, పుట్టిన ఊరు పోగొట్టుకొని ఇవతలికి వచ్చి పడ్డ కుర్రవాడు. హోషియార్‌పూర్ జిల్లా మాహిల్‌పూర్ కాలేజీలో ఆట నేర్చి, కలకత్తా చేరి, 1959లో మోహన్ బగాన్‌లో ప్రవేశించాడు. అప్పటికి బూట్లు వచ్చాయి. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా మనమీద పది గోల్సు కొట్టాక ఉత్త కాళ్ళ కాలం చెల్లిపోయింది.

జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండుతో ఆడుతూ జర్నైల్‌కు తల పగిలింది. కుట్లు వేశారు. అటువంటివాణ్ణి ఇంటికి పంపవలసిందే గాని, శిక్షకుడైన మన హైదరాబాదు రహీం సాహెబు మరో ఆలోచన చేశారు. వెనుక కాపలా అరుణ్ ఘోష్ వంటివారికి అప్పగించి, కుట్లున్న తలతోనే జర్నైల్‌ను ముందు వరుసలో నిలిపారు. సెమీఫైనల్లో అతడు గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో, లక్షమంది జనం మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తూండగా, పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియాపై 2–1తో మనకు బంగారు పతకం! రహీం సాహెబు అప్పటికే కాన్సరుతో బాధపడుతున్నారు. మరుసటి జూన్‌లో కన్నుమూశారు.

విచిత్రమేమంటే, జర్నైల్ సింగ్ అనగానే అందరూ చెప్పేది ఆ గోలు సంగతే. 1963, 64, 65 సంవత్సరాలలో మోహన్ బగాన్ వరుసగా మూడుసార్లు డ్యూరాండ్ కప్పు గెలిచిన కాలంలో, ఆయన వెనుక నిలిచి ఏడాదికేడాది చేసిన కాపలా కథలకెక్కలేదు. బ్యాక్ తన చోటు విడిచి వచ్చినప్పుడే లోకం కంట పడ్డాడన్నమాట! ఆయన 2000 సంవత్సరంలో కెనడా దేశపు వాంకూవర్‌లో మరణించారు.

మన హైదరాబాదు నుంచి కూడా ఇటువంటి గోడ ఒకటి ఈ మైదానానికి వచ్చింది. సయ్యద్ నయీముద్దీన్ ఇక్కడి మూడు పెద్ద జట్లకూ బ్యాక్‌గా ఆడారు. పేరుకు జీతం లేని ఆట. చాలామందికి రైల్వేలోనో, పోలీసులోనో ఉద్యోగమే ఆధారంగా ఉండిన రోజులవి. 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టుకు నాయకుడై, జపానును ఓడించి కంచు పతకం తెచ్చారు. అటుపిమ్మట 2023 హాంగ్‌ఝౌ క్రీడల దాకా ఆ ఆటలో మనకు ఆసియా పతకమే లేదు. ఆట మానాక కఠినుడైన శిక్షకుడని పేరుపడి, 1990లో ద్రోణాచార్య బిరుదు పొందారు.

వానాకాలం సాయంత్రం మైదానానికి వెళ్ళండి. పచ్చిక మీద కుర్రవాళ్ళ జట్లు కనిపిస్తాయి. మన వీధుల్లో మాదిరే, గట్టివాళ్ళంతా ముందుకు పరుగెత్తుతారు. బక్కవాణ్ణో, కొత్తవాణ్ణో “నువ్వు బ్యాక్‌రా” అని వెనుక నిలబెడతారు. వాడు మొహం ముడుచుకొని నిలబడతాడు. మీ ఇంట్లోనూ అటువంటివాడు ఉంటే, విక్టోరియా మెమోరియల్ కన్నా ముందు గోష్ఠ పాల్ విగ్రహం చూపించండి.