కిస్తీయా? అద్దెయా?
కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ అద్దె 25 వేలు. కొనాలంటే 80 లక్షలు.

"కోడూరు ఎకరం అమ్మేసి 20 కట్టు, మిగతాది లోను తీసుకో" అన్నారు నాన్న.

60 లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు 52 వేల కిస్తీ. మొత్తం కోటీ పాతిక లక్షలు! అలాగని ఓనరు ఖాళీ చేయమంటే పిల్లల బడి మారాలి.

"నేలెంతొస్తుందిరా?"

"40 గజాలు, అదీ ఉమ్మడి వాటా."

ఎకరమంటే 4,840 గజాలు. 1977 ఉప్పెన అన్నీ ఊడ్చుకుపోయాక మాకు మిగిలింది ఆ నేలే.

"మన పొలం ఒకరు కౌలుకి చేస్తున్నారు. నువ్వు అద్దెకుంటే నామోషీ ఏముంది?" అన్నారు చివరికి.

అమ్మకం ఆగింది. కిస్తీకీ అద్దెకీ తేడా 27 వేలు నెలనెలా దాస్తున్నాం. అలా దాయలేనివాళ్లకి మాత్రం కిస్తీయే మేలు.