తోసా బంగారుచేప

జపాన్ నాలుగు ప్రధాన ద్వీపాలలో అన్నిటికన్న చిన్నది షికోకు. దాని దక్షిణతీరాన, పసిఫిక్ మహాసముద్రానికి అభిముఖంగా కోచీ నగరం ఉన్నది. నగరం నడుమ గుట్టమీద పాత కోట; ఆ కోట వాకిలి ముందు వీధిలో మూడువందల ఏళ్ళకు పైబడిన ఆదివారపు సంత. ఈ ప్రాంతపు పూర్వనామం తోసా. ఆ పేరును నేటికీ మోస్తున్న చిన్న ప్రాణి ‘తోసాకిన్’, అంటే తోసా బంగారుచేప.

దీనిని పక్కనుంచి కాదు, పైనుంచి చూడాలి. కొనదేరిన ముఖం, గుండ్రని పొట్ట, వెనుక నడుమ చీలికలేని వెడల్పాటి తోక. విసనకర్రలా పరచుకొన్న ఆ తోక అంచులు రెండువైపులా ముందుకు తిరిగి, పూలరేకుల్లా మెలిపడి ఉంటాయి. అందమంతా ఆ మెలికలోనే ఉన్నది. అవస్థా అందులోనే ఉన్నది. అంత తోకతో ఈ చేప చురుకుగా ఈదలేదు.

ఆ మెలిక కుదరడానికి పుట్టుక ఒక్కటే చాలదు. పెంపకందార్లు పిల్లలను మూకుడులా అంచులు ఏటవాలుగా ఉన్న, లోతు తక్కువ తొట్టిలో పెంచుతారు. లోతునీటిలో బలంగా ఈదితే తోక తీరు చెడుతుంది. తొట్టి చిన్నది కనుక నీరు త్వరగా పాడవుతుంది, తరచూ మార్చాలి. ఇంత శ్రమపడినా సలక్షణమైన తోక కొద్ది పిల్లలకే వస్తుంది. తక్కినవాటిని ఏరివేస్తారు.

ఎడో యుగం చివర తోసాకు చెందిన ఒక సమురాయి ఈ జాతిని రూపొందించాడని ప్రతీతి. 1945 జూలై 4న వైమానికదాడిలో కోచీ తగులబడింది. మరుసటి ఏడు డిసెంబరు 21న భూకంపం వచ్చి, సముద్రజలం నగరంలోకి చొరబడింది. తోసాకిన్ అంతరించిందనే అనుకున్నారు. అయితే ఒక భోజనశాలలో ఆరు చేపలు మిగిలి ఉండగా, చేపలమీద మక్కువగల ఒకాయన సారా సీసా ఇచ్చి వాటిని తెచ్చుకొన్నాడని అక్కడివారు చెబుతారు. నేటి తోసాకిన్‌లు వాటి సంతతే.

1969లో కోచీ ప్రాంతీయ ప్రభుత్వం ఈ చేపను ప్రకృతి స్మారకంగా ప్రకటించింది. కాని ప్రకృతిలో దీనికి చోటులేదు. ఏటిలో వదిలితే ప్రవాహానికి ఎదురీదలేదు, శత్రువునుంచి తప్పించుకోలేదు. యుద్ధాన్నీ ఉప్పెననూ దాటివచ్చిన ఈ జాతి, తొట్టిలో నీరు మార్చే మనిషి ఉన్నంతకాలమే ఉంటుంది.