కారేది ఎక్కడి నుంచి?

కారు కింద మరక నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ కావచ్చు. ఎర్రగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌నే. ఢిల్లీలో నేను కొన్న సెకండ్‌హ్యాండ్ కారు కింద పడింది ఎర్ర మరక. ఓ పెద్ద వర్క్‌షాప్ తీర్పు: గేర్‌బాక్స్ మార్చాల్సిందే. ఖర్చు కారు ధరలో దాదాపు సగం. ఆయిల్ మారిస్తే చాలదా అంటే, అది 'లైఫ్‌టైమ్' ఆయిల్, మార్చనక్కర్లేదన్నారు. రాజనీతి శాస్త్రం చదివినవాడికి శాశ్వతం అన్న మాట వింటేనే అనుమానం. ఇంతకీ ఎవరి లైఫ్? కారుదా, వారంటీదా?

కరోల్‌బాగ్ సందులోని ఓ మెకానిక్ మాత్రం ముందు కారు పైకెత్తి, అడుగు తుడిచి, లీకు వెతికాడు. ఆయిల్ పాన్ గాస్కెట్ ఎండి పగిలింది. పాన్‌లోని అయస్కాంతానికి సన్నని బూడిదరంగు పొడే అంటింది. "ఇది మామూలు అరుగుదలే సాబ్. ఇనుప ముక్కలుంటే భయపడాలి" అన్నాడు. గాస్కెట్, ఫిల్టర్ మార్చి, మాన్యువల్‌లో చెప్పిన రకం ఆయిలే పోశాడు. పాత ఆయిల్ కొంత టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ మార్చాడు. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ తగినంత వేడెక్కాకే మట్టం చూశాడు.

2014లో మారుతి సెలెరియో వచ్చాక చవక కార్లలోనూ క్లచ్ పెడల్ మాయమవుతోంది. అయితే ఏఎంటీ, సీవీటీ, టార్క్ కన్వర్టర్ మూడూ వేర్వేరు యంత్రాలు. ఒకదాని ఆయిల్ మరొకదానికి పనికిరాదు. గేర్లు మార్చే శ్రమ తప్పింది గానీ ప్రశ్నలడిగే శ్రమ తప్పలేదు. గేర్‌బాక్స్ మార్చాలని ఎవరైనా అంటే మొదట అడగాల్సిందొకటే: కారేది ఎక్కడి నుంచి?