దిమ్మెగూడెం చిట్టా

నవల చదువుతూ పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండర్రా అంటే, మా ఆర్మూరులో డిగ్రీ చదివే పిల్లలు చేసేది ఒకటే పని. గైడులోని కథాసంగ్రహాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో దించేస్తారు. శీర్షిక కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు. ఆ నోట్సుతో పరీక్ష గట్టెక్కవచ్చు గానీ, నవల చదివిన మనిషి ఎవరో అందులో వెతికినా కనపడడు.

నా పుస్తకం తీరు వేరు. దాని నమూనా నాకు అడ్తి దుకాణంలో దొరికింది. పసుపు కొమ్ములు ఒక రాశి, మండ ఒక రాశి పోసి అమ్ముకునే ఈ ప్రాంతంలో పాతకాలం గుమాస్తా దగ్గర రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో ఏ రోజు జరిగింది ఆ రోజు, వరసగా. ఆవర్జాలో మనిషికొక పుట. చిట్టాలోంచి తీసి ఎవరి పద్దు వాళ్ల ఖాతాకు ఎక్కించేవాడు. నవలకు ఇంతకంటే ఏం కావాలి?

అలా చదివిన నవల వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. 1955లో వచ్చింది. పాఠకుణ్ణి వెతుక్కుంటూ ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మిన మనిషాయన. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. నిజాం రాజ్యంలోని ఆంధ్రమహాసభ రోజుల్ని దిమ్మెగూడెం అనే ఊరి మీద పెట్టి చెప్పాడు. ఆ మహాసభ ఆరో సమావేశం 1937లో మా ఇందూరులోనే, అంటే నిజామాబాద్‌లోనే జరిగింది కనుక, చదువుతుంటే పక్కింటి సంగతి విన్నట్టే ఉంటుంది.

చిట్టాలో తోచిందల్లా రాశాను. కథానాయకుడు కంఠీరవం మీద చిరాకు కూడా. ఇంత మచ్చలేని నాయకుణ్ణి చూస్తే నాకు అనుమానమొస్తుంది మరి. ఆదివారం పూట అవన్నీ ఆవర్జాలోకి దించేవాణ్ణి. కొందరి పుటలు నిండిపోయాయి, కొందరివి రెండు పంక్తుల దగ్గరే ఆగాయి. ఎందుకు ఆగాయో అని మళ్లీ నవల తెరవాల్సి వచ్చింది.

అసలు పని ఆ తరవాత మొదలైంది. దేశ్‌ముఖ్ రామభూపాల్‌రావు గడీలో గుమాస్తానైతే లెక్క ఎలా రాసేవాణ్ణి? శిస్తు, ధాన్యం, అప్పులు, వడ్డీలు చకచకా వచ్చేశాయి. వెట్టి దగ్గర కలం ఆగింది. ఏ పద్దు కింద రాయాలి? కూలి ఇస్తే కదా ఖర్చు! చాకలి, మంగలి, కుమ్మరి పొద్దు గుంకేదాకా చేసిన పనికి ఆ లెక్కల్లో సున్నా వేసేందుకు గడి కూడా లేదు. వెట్టి గురించి చరిత్ర పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను, సభల్లో విన్నాను. దొర పక్షాన కలం పట్టుకుని కూర్చున్నాక గానీ ఆ ఖాళీ నాకు కళ్లపడలేదు. సారాంశం రాసే పిల్లలకు చెప్పాలనుకునేది ఇదే: పాత్ర గురించి రాయకండి, పాత్ర చేత్తో రాయండి.

నా పుస్తకంలో ఎడమ పుట నవలది, కుడి పుట మా ఊరిది. కుడి పక్కన 2019 లోక్‌సభ ఎన్నికలు ఎక్కాయి. పసుపు బోర్డు కావాలని, గిట్టుబాటు ధర కావాలని మా రైతులు గుంపుగా నామినేషన్లు వేశారు. నిజామాబాద్ బరిలో 185 మంది, అందులో 170 మందికి పైగా రైతులే. ‘ప్రజల మనిషి’ అని ఏకవచనంలో పేరు పెట్టిన నవల పక్కన ఆ జాబితా రాసుకుంటే, ఆళ్వారుస్వామి చూసి ఏమనేవాడోనని నవ్వొచ్చింది. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ధర సంగతి ప్రతి సీజనులో యార్డు చెబుతుంది.

రాసుకోవాలనే పట్టుదల గురించి మా జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇందూరు ఖిల్లా జైల్లో కవి దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. అదే జైల్లో ఆళ్వారుస్వామీ ఖైదీ. అలాంటి చోట ఉండివచ్చిన రచయిత పుస్తకానికి మనం గైడు నోట్సు రాయడం కొంచెం సిగ్గుపడాల్సిన సంగతే.

ఇక నా పుస్తకంలోని పటం సంగతి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే రోజుల్లో నవలాకారుడు నబొకోవ్, కాఫ్కా కథలోని ఇంటి గదుల అమరిక గీసి చూపించేవాడు. ‘అనా కరెనినా’లోని రైలు పెట్టెకూ బొమ్మ వేశాడు. నేనూ దిమ్మెగూడేనికి పటం గీశాను. గడీ, గుడి, చెరువు, వాడలు, ఇందూరు బాట. గడీని ఊరి నడుమ పెట్టాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. గడీ చెరువు కట్టకు దగ్గరుండాలి, నీళ్లు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ల చేతిలో ఉన్నట్టే కదా నాన్నా అంటుంది. చెరిపి మళ్లీ గీస్తే కాగితం చిరిగేలా ఉంది. తన పటం తననే వేరే పుటలో వేసుకోమన్నాను.